నొప్పి గోళీలతో బాపు పేగు పొర దెబ్బతింది: ఆ కణాలు తమను తాము ఎలా కాపాడుకుంటాయి?

పరకాల_బిడ్డ · శుక్రవారం, రాత్రి 9:14

అందరికీ నమస్తే. మా బాపుకు 61 ఏళ్లు. పత్తి, మిర్చి చేన్లలో ముప్పై ఏళ్లు వంగి పనిచేసి మోకాళ్లు అరిగిపోయాయి. రెండేళ్లుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నొప్పి గోళీ వేసుకుంటున్నాడు. చీటీ లేకుండానే తెచ్చుకునేవాడు, మేమూ పట్టించుకోలేదు. పోయిన నెల మేడ మెట్లు ఎక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. హన్మకొండలో డాక్టర్ గారు కెమెరా వేసి చూసి, కడుపులో పెద్ద పుండ్లేమీ లేవు, గోళీల వల్ల చిన్నపేగు లోపలి పొర చెడి కొద్దికొద్దిగా రక్తం పోతున్నట్టుంది అన్నారు. మాటల్లో "ఆక్సిడేటివ్ స్ట్రెస్" అన్నారు. నాకు అర్థం కాలేదు, అడగడానికి టైం లేదు, బయట చాలామంది ఉన్నారు.

ఇప్పుడు తెలిసినాయన ఒకరు యాంటీఆక్సిడెంట్ పొడి డబ్బా కొనమంటున్నాడు. 3,200 రూపాయలు. కొనే ముందు అసలు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని రాస్తున్నా. నేను డిగ్రీలో బీజెడ్‌సీ చదివాను, కొంచెం లోతుగా చెప్పినా ఫర్వాలేదు.

నర్సక్క_కాజీపేట · 9:31

చెల్లె, ముందు ఇది చెప్పు. ఆ గోళీ ఆపారా? మలం తారులాగా నల్లగా, జిగటగా వస్తుందా? కళ్లు తిరుగుతున్నాయా? వస్తుంటే ఈ చర్చ చదువుతూ కూర్చోకు, రాత్రయినా సరే హాస్పిటల్‌కు తీసుకుపో.

పరకాల_బిడ్డ · 9:36

గోళీ ఆపి పది రోజులైంది అక్కా. మలం నల్లగానే ఉంది, ఐరన్ గోళీ మొదలుపెట్టారు కాబట్టి అట్లా ఉంటుందన్నారు. జిగట లేదు.

నర్సక్క_కాజీపేట · 9:38

ఐరన్‌కు నల్లబడుతుంది, నిజమే. జిగట, ముక్కు పగిలే వాసన, చెమటలు, ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు. ఇగ సైన్సు తెలిసినవాళ్లు చెప్పండి.

కణాల_గది · 10:52

నేను డాక్టర్‌ను కాదు. పీహెచ్‌డీ చేస్తున్నాను, ఐదేళ్లుగా పేగు కణాలతోనే నా పని. మందు సంగతి మీ డాక్టర్‌కే వదిలేసి, లోపల ఏం జరుగుతుందో నాకు తెలిసింది రాస్తాను.

చిన్నపేగు గోడ మీద వేళ్లలాగా లేచిన చూషకాలు ఉంటాయని మీరు చదివే ఉంటారు. ఆ చూషకాన్ని కప్పిన పొర మందం ఎంతో తెలుసా? ఒకే ఒక్క కణం. ఇటు పక్క అన్నం, పిత్తరసం, లెక్కలేనన్ని బ్యాక్టీరియా. అటు పక్క రక్తం. నడుమ ఆ ఒక్క వరుస. కణానికీ కణానికీ సందు లేకుండా ఆక్లుడిన్, క్లాడిన్ అనే ప్రోటీన్లు కుట్టు వేసినట్టు పట్టుకుని ఉంటాయి.

నొప్పి గోళీ ఈ వరుసను రెండు వైపుల నుంచి కొడుతుంది. మొదటిది, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపుతుంది. వాటి వల్లే మనకు నొప్పి, వాపు. కానీ పేగులో జిగురు పొరను, రక్త ప్రసరణను నిలబెట్టే కబురు మోసేవీ అవే. ఆస్పిరిన్ లాంటి మందులు ఇట్లా పనిచేస్తాయని జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో నోబెల్ వచ్చింది. రెండోది చాలామందికి తెలియదు. ఈ మందుల్లో కొన్ని కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పనిని చెడగొడతాయి. మైటోకాండ్రియా తడబడితే ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి, సూపరాక్సైడ్ పుడుతుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. శక్తి తగ్గి కణాల మధ్య కుట్లు వదులవుతాయి. ఆ సందుల్లోంచి పిత్తరసం, బ్యాక్టీరియా లోపలికి జొరబడతాయి. వాటిని చంపడానికి వచ్చిన తెల్లకణాలు ఇంకా ఎక్కువ పెరాక్సైడ్ కుమ్మరిస్తాయి. కణం తట్టుకునే శక్తిని ఇది మించిపోతే దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. మీ డాక్టర్ గారన్న మాట ఇదే.

డైక్లోఫెనాక్ లాంటివి లివర్‌కు పోయి, పిత్తరసంతో కలిసి మళ్లీ చిన్నపేగులోకే దిగుతాయి. ఒకే గోళీ ఒకే పొరను రెండు మూడు సార్లు తాకుతుంది. గ్యాస్ గోళీ వేసుకుంటున్నాం కదా అనే ధీమా కడుపు వరకే, చిన్నపేగుకు అది అడ్డు పడదు.

భద్రకాళి_చెరువు_గట్టు · శనివారం, ఉదయం 6:20

కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైర్ అయ్యాను. తమ్ముడు బాగా రాశాడు, ఒక్క మాట కలుపుతాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ మరీ అంత దుర్మార్గమైనది కాదు. దానికి ఇనుము తోడైనప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, అసలు ప్రమాదం దానితో. ఎదురుపడ్డ దాన్నల్లా కొరుకుతుంది: కొవ్వు పొర, ప్రోటీన్, డీఎన్ఏ. ఫెంటన్ 1894లో రాసిన చర్య ఇది. ఇనుము కణంలో ఫెరిటిన్ అనే గూట్లో భద్రంగా ఉన్నంతసేపు భయం లేదు.

అమ్మా, ఇది చదివి ఐరన్ గోళీ మానిపించకు. రక్తం 7.8 ఉన్న మనిషికి అది కావాలి. కడుపులో వికారంగా ఉంటే డాక్టర్‌కు చెబితే మోతాదు, వేళ మారుస్తారు.

సూపరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమ్‌ను మెకార్డ్, ఫ్రిడోవిచ్ 1969లో కనుక్కున్నారు. అది నేను చదువుకునే రోజుల్లో కొత్త సంగతి. మా సార్ క్లాసులో చెప్పినప్పుడు ఒళ్లు జలదరించింది. మనం పీల్చే గాలే మనల్ని కాల్చగలదు, దాన్ని ఆర్పే నీళ్లు కూడా మన లోపలే ఉన్నాయి అన్నారాయన.

పరకాల_బిడ్డ · 7:05

సార్, ధన్యవాదాలు. కణాల_గది అన్నా, ఆర్పే నీళ్లు కణంలో ఎప్పుడూ నిండుగా ఉంటాయా, లేక మంట అంటుకున్నాకే తయారవుతాయా?

కణాల_గది · 8:40

చాలా మంచి ప్రశ్న. కొంత ఎప్పుడూ ఉంటుంది. ఎక్కువ కావాలంటే కణానికి కబురు అందాలి. ఆ కబురు మోసే ప్రోటీన్ పేరు ఎన్‌ఆర్‌ఎఫ్2. దాన్ని పట్టి ఉంచే ఇంకో ప్రోటీన్ కీప్1.

మామూలు రోజుల్లో కణం ఎన్‌ఆర్‌ఎఫ్2ను చేస్తూనే ఉంటుంది. కీప్1 దాన్ని పట్టుకుని, పారేయాల్సిన సరుకు అని ముద్ర వేయిస్తుంది. కణంలోని చెత్త మిషన్ దాన్ని ముక్కలు చేస్తుంది. పుట్టిన ఎన్‌ఆర్‌ఎఫ్2లో సగం దాదాపు 20 నిమిషాల్లోనే మాయం. రాత్రీ పగలూ ఇదే పని.

కీప్1 ఒంటి మీద గంధకం ఉన్న సిస్టీన్లు ఉంటాయి. పెరాక్సైడ్ లాంటివి పెరిగితే ముందు కాలేది ఆ సిస్టీన్లే. అవి మారగానే కీప్1 చేతికి పట్టు పోతుంది. కొత్తగా పుట్టిన ఎన్‌ఆర్‌ఎఫ్2 చావకుండా మిగిలి కేంద్రకంలోకి పోతుంది. డీఎన్ఏ మీద తన కోసమే ఉన్న ఒక చోట కూర్చుంటుంది. గ్లూటథయోన్ (కణం సొంత యాంటీఆక్సిడెంట్) తయారుచేసే జన్యువులు, హీమ్ ఆక్సిజినేజ్ అనే రక్షణ ఎంజైమ్ జన్యువు, ఇంకా చాలా వాటిని ఒక్కసారే లేపుతుంది. అంటే కీప్1 కాపలాదారూ, పొగ పసిగట్టే ముక్కూ రెండూ అదే. 1999లో జపాన్‌లో యమమోతో బృందం కీప్1ను బయటపెట్టింది.

ఎనుమాముల_ఘాటు · 9:15

అన్నా, నాకొక డౌట్. ఇరవై నిమిషాలకోసారి పారేసే దాన్ని ఎందుకు చేయడం? రోజూ వండి పారబోసినట్టు కాదా? కణం అంత దుబారా చేస్తుందా?

కణాల_గది · 9:33

దుబారా కాదు, తయారుగా ఉండటం. 108 బండి ఇంజన్ ఆపకుండా హాస్పిటల్ గేటు దగ్గర నిలబడి ఉందనుకోండి. డీజిల్ పోతుంది, నిజమే. కానీ ఫోన్ రాగానే సెకన్లలో కదులుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2ను అప్పటికప్పుడు మొదటి నుంచి తయారు చేసుకోవాలంటే, జన్యువు లేచి, చదివి, ప్రోటీన్ చేసే లోపల పెరాక్సైడ్ పని కానిచ్చేస్తుంది. పారేయడం ఆపితే చాలు అనే ఏర్పాటు ఎంత తెలివైనదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నర్సక్క_కాజీపేట · మధ్యాహ్నం 1:50

డ్యూటీ దిగి చదువుతున్నా. నేను పదకొండేళ్లు నెలలు నిండని పసిపిల్లల వార్డులో చేశాను. అక్కడ మాకు గుండెలో రాయి పడే జబ్బు ఒకటుంది, పిల్లవాడి పేగు పొర చచ్చిపోవడం. పొట్ట ఉబ్బి నిగనిగలాడుతుంది, మలంలో రక్తం. తల్లిపాలు తాగే పిల్లల్లో ఇది తక్కువ, డబ్బాపాల పిల్లల్లో ఎక్కువ. ముర్రుపాలు పిండి పారబోయొద్దని నేను ఎంతమంది అవ్వలతో పోట్లాడానో. కిలో వంద గ్రాముల పిల్లకు సిరంజితో చుక్క చుక్క బుగ్గలోకి వదిలేవాళ్లం. ముర్రుపాలలో పేగును కాపాడే ప్రోటీన్ ఉంటుందని డాక్టరమ్మ చెప్పేది. ఆ ప్రోటీన్ ఇదేనా?

కణాల_గది · 3:25

అక్కా, మీరు చెప్పింది చదివి చాలాసేపు అట్లనే కూర్చున్నా. మేము ప్లేటులో చూసేది మీరు చేతుల్లో చూశారు.

డాక్టరమ్మ చెప్పినది బహుశా ఈజీఎఫ్ గురించి, అంటే కణాలను పెరగమనే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. ఎన్‌ఆర్‌ఎఫ్2 కణం లోపల ఉండేది, ఇది బయటి నుంచి వచ్చే కబురు. 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల రసం తీసి, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఇస్తే, రెండు వారాలకు తెరవాల్సిన కళ్లు వారానికే తెరిచాయి. ఆ చిన్న వింతను వదలకుండా తవ్వుకుంటూ పోయి ఈజీఎఫ్‌ను పట్టుకున్నాడు. రీటా లెవీ మోంటాల్చినితో కలిపి 1986లో నోబెల్ ఇచ్చారు.

మన ఉమ్మిలో ఇది ఉంటుంది. తల్లిపాలలో ఉంటుంది, ముర్రుపాలలో ఇంకా ఎక్కువ. లాలాజల గ్రంథులు తీసేసిన ఎలుకల్లో కడుపు పుండ్లు ఆలస్యంగా మానతాయి.

నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి. ఈజీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకం పేగు కణానికి అన్నం తగిలే వైపు దాదాపు ఉండదు. పక్కలా, అడుగునా ఉంటుంది. పొర గట్టిగా ఉన్నప్పుడు పైన పారే ఈజీఎఫ్‌కు దాన్ని అందుకునే దారే లేదు. పొర చిరిగితే సందులోంచి దిగి గ్రాహకాన్ని తాకుతుంది. గోడ కూలితే తప్ప లోపలికి రాలేని మేస్త్రి పొద్దస్తమానం వాకిట్లోనే తిరుగుతున్నట్టు.

భద్రకాళి_చెరువు_గట్టు · 4:10

తాకిన తర్వాత కబురు కేంద్రకం దాకా పోయే తీరు మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లాంటిది అని పిల్లలకు చెప్పేవాడిని. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు, అది నిండితే ఆ కిందిదానికి. ఇక్కడ నీళ్ల బదులు ఫాస్ఫేట్. ఒక ప్రోటీన్ ఇంకోదానికి ఫాస్ఫేట్ అంటిస్తుంది, అది మేల్కొని తర్వాతిదానికి అంటిస్తుంది.

ఫాస్ఫేట్‌ను కొలిచే పద్ధతి మనవాడిదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి చేసింది. కణం శక్తిని మోసే అణువు ఏటీపీని గుర్తించినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. పిల్లలకు ఆయన పేరు చెప్పకుండా ఈ పాఠం నేనెప్పుడూ ముగించలేదు.

కణాల_గది · 5:02

సార్ ఉదాహరణనే వాడుకుంటాను. ఈజీఎఫ్ గ్రాహకం కింద రెండు పెద్ద కాలువలు. ఒకటి పీఐ3కే, ఏకేటీ దారి. కణాన్ని ఆత్మహత్యకు తోసే ప్రోటీన్లను ఇది పనికిరాకుండా చేస్తుంది. రెండోది ఈఆర్‌కే దారి. పెరాక్సైడ్ తగిలినప్పుడు కుట్లు ఊడకుండా పట్టి ఉంచడంలో దీని పాత్ర ఉందని కణాల మీద చేసిన పనుల్లో తేలింది.

ఇది నేను కళ్లారా చూసేదే కాబట్టి చెప్తాను. కాకో-2 అనే మనిషి పెద్దపేగు కణాలను బొటనవేలి గోరంత జల్లెడ గిన్నెలో వేస్తాం. రోజు విడిచి రోజు గులాబీ రంగు ద్రవం మార్చుతూ 21 రోజులు పెంచితే చిన్నపేగు పొరలా కలిసిపోతాయి. గిన్నెకు పైనా కిందా రెండు పుల్లలు పెట్టి కరెంటు ఎంత అడ్డు పడుతుందో చదువుతాం. కుట్లు గట్టిగా ఉంటే అంకె పైన ఉంటుంది. పెరాక్సైడ్ వేసిన గిన్నెలో అంకె నా కళ్ల ముందే జారిపోతుంది. ముందే ఈజీఎఫ్ వేసిన గిన్నెలో జారుడు తక్కువ, కొంచెం ఊగి నిలబడుతుంది. మొదటిసారి చూసిన రాత్రి హాస్టల్‌కు పోయి మా అమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు ఏమర్థమైందో తెలియదు, "మంచిగ నిలబడ్డయా బిడ్డా" అని అడిగింది.

ఆర్మూర్_పసుపుకొమ్ము · రాత్రి 8:18

నేను నిజామాబాద్ జిల్లా పసుపు రైతును. 2025 జనవరిలో మా దగ్గర పసుపు బోర్డు మొదలైనప్పటి నుంచి పసుపులోని కర్క్యుమిన్ మాట ఎక్కువ వింటున్నా. అది మీరు చెప్పిన కీప్1 తాళం తీస్తుందా? తీస్తే చెల్లె ఆ డబ్బా కొనకుండా పసుపే వాడుకోవచ్చు కదా.

కణాల_గది · 9:04

తీస్తుంది అన్నా. ప్లేటులోని కణాల మీద కర్క్యుమిన్ కీప్1 సిస్టీన్లకు అంటుకుని ఎన్‌ఆర్‌ఎఫ్2ను వదిలిస్తుంది. అంటే పసుపు తానే మంటను ఆర్పడం కన్నా, కణానికి చిన్నగా గిల్లి దాని సొంత నీళ్లను తోడిస్తుంది. బ్రకోలీలో దొరికే సల్ఫోరఫేన్ కూడా ఇదే పని చేస్తుంది.

కానీ పసుపులో కర్క్యుమిన్ ఉండేది నూటికి మూడు పాళ్ల చుట్టుపక్కల. పప్పులో వేసే చిటికెడులో ఇంకెంత. రక్తంలోకి ఎక్కేది మరీ తక్కువ. పేగు కణానికి నేరుగా తగులుతుంది కాబట్టి అక్కడ కొంత ఆశ ఉంది, అంతే. వంటలో పసుపు నిశ్చింతగా తినండి. గట్టి మోతాదు పసుపు క్యాప్సూల్స్ మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు. వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

ఆర్మూర్_పసుపుకొమ్ము · 9:11

నా పంట గురించి ఉన్నదున్నట్టు చెప్పావు తమ్మీ. నాకిదే నచ్చింది.

ఎనుమాముల_ఘాటు · 9:20

అట్లయితే మిర్చి? మా మార్కెట్‌కు వచ్చే రైతులందరికీ డాక్టర్లు కారం మానమంటారు.

నర్సక్క_కాజీపేట · 9:41

పుండు పచ్చిగా ఉన్నప్పుడు కారం మంట పుట్టిస్తుంది, మానమనేది అందుకే. పుండుకు అసలు కారణాలు హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి, ఈ నొప్పి గోళీలు. ఆ సూక్ష్మజీవి సంగతి చెప్పినందుకు మార్షల్, వారెన్ ఇద్దరికీ 2005లో నోబెల్ ఇచ్చారు. మన చపాటా మిర్చి రంగే ఎక్కువ, ఘాటు తక్కువ. అయినా కొన్నాళ్లు తగ్గించండి.

పరకాల_బిడ్డ · ఆదివారం, ఉదయం 8:30

అసలు ప్రశ్నకు వస్తా. కణం సొంతంగా ఇంత చేసుకుంటుంటే, యాంటీఆక్సిడెంట్ పొడి కూడా ఇస్తే ఇంకా మంచిది కదా? ఇవ్వకపోతే బాపుకు అన్యాయం చేస్తున్నానేమో అని టెన్షన్.

కణాల_గది · 10:15

అన్యాయం ఏమీ లేదు. ఈ టెన్షన్ మీద బతికే వ్యాపారం అది.

పెరాక్సైడ్ శత్రువు మాత్రమే అయితే మీ మాట నిజమే. కానీ కొద్ది మోతాదులో అదే కబురు. ఈజీఎఫ్ గ్రాహకాన్ని తాకినప్పుడు కణం తానే కొంచెం పెరాక్సైడ్ పుట్టించుకుని, ఆ కబురును ఆర్పే ఎంజైమ్‌లను కాసేపు నిద్రపుచ్చుతుంది. పేగులోని లాక్టోబాసిలస్ లాంటి మంచి బ్యాక్టీరియా కూడా పేగు కణాలతో కొద్దిగా ఇట్లాంటివి పుట్టించి ఎన్‌ఆర్‌ఎఫ్2ను మేల్కొలుపుతాయి. పొగ వాసనే రాకపోతే కీప్1 ఎవరినీ లేపదు.

ఎక్కువ ఇస్తే మేలే అనుకుని చేసిన పెద్ద పరీక్ష ఒకటి ఉంది. ఫిన్‌లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లలో కొందరికి బీటాకెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. అది తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. ఎన్‌ఆర్‌ఎఫ్2ను అదుపు లేకుండా నడిపించుకుని మందులకు లొంగని క్యాన్సర్లూ ఉన్నాయి. మీ బాపుకు ఏదో అవుతుందని కాదు. ఆ డబ్బాలో ఏముందో, ఎంతుందో తెలియకుండా 3,200 పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

ఈ పొరకు ఇంకో బలం ఉంది. చూషకాల మొదట్లో గుంతల్లాంటివి ఉంటాయి, వాటి అడుగున మూలకణాలు. 2007లో హాన్స్ క్లెవర్స్ బృందం వాటిని ఎల్‌జీఆర్5 అనే గుర్తుతో పట్టుకుంది. అక్కడ పుట్టిన కణం పైకి నడుస్తూ నాలుగైదు రోజుల్లో చివరకు చేరి రాలిపోతుంది. మీ బాపు గోళీ ఆపి పది రోజులు దాటిందంటే, ఆ గోళీని చూసిన పై వరుస ఇప్పటికే చాలావరకు పోయింది. లోతుగా చీలిన చోట్ల మాత్రం మానడానికి వారాలు పడుతుంది.

భద్రకాళి_చెరువు_గట్టు · 11:00

తిండి సంగతి ఒక్క మాట. జొన్న గట్క, జొన్న రొట్టెల్లోని పీచు పెద్దపేగులో పులిసి బ్యూటిరేట్ అవుతుంది. అక్కడి కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. చిన్నపేగు పుండుకు ఇది మందు కాదు. డాక్టర్ సరేనన్నాక మెల్లగా మొదలుపెట్టండి.

నర్సక్క_కాజీపేట · 11:12

మోకాళ్ల నొప్పికి ఏం చేస్తున్నారు? అది అడగకుండా వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ ఆ గోళీకే పోతాడు. మా బావ అట్లనే చేశాడు. వేరే మందు, ఫిజియోథెరపీ, పై పూత, ఏది సరిపోతుందో డాక్టర్‌ను అడిగి రాయించుకో.

పరకాల_బిడ్డ · బుధవారం, రాత్రి 8:47

ఆలస్యమైంది, క్షమించండి. డబ్బా కొనలేదు. డాక్టర్ గారి దగ్గరికి మళ్లీ పోయి నొప్పి సంగతి అడిగాం. పూతకు రాశారు, తొడ కండరాలకు వ్యాయామం చూపించారు. పాత గోళీల అట్టలు బాపు తలగడ కింద ఇంకా నాలుగు దొరికాయి. ఒక్కోదాంట్లో మూడు, రెండు మిగిలాయి. ఆయన ముందే తీసి దాచేశాను, ఏమీ అనలేదు.

ఈ చర్చంతా నిన్న రాత్రి బాపుకు చదివి వినిపించాను. కీప్1 దగ్గర నిద్రపోతాడనుకున్నా, పోలేదు. ముర్రుపాల దగ్గర, నన్ను కన్నప్పుడు మా నాయనమ్మ పారబోయమంటే మా అమ్మ వినలేదని చెప్పాడు. నాకది ఇప్పటిదాకా తెలియదు.

అన్నం తినేటప్పుడు అడిగాడు, "ఆ మేస్త్రి ఉమ్మిలనే ఉన్నడా బిడ్డా?" అని. ఉన్నాడన్నాను. ఇవ్వాళ ఒక్క ముద్దను చాలాసేపు నములుతూ కూర్చున్నాడు.

నర్సక్క_కాజీపేట · 9:02

నమలనీ చెల్లె. హిమోగ్లోబిన్ రెండు వారాలకు మళ్లీ చేయించి, అంకె ఇక్కడ పెట్టు.